తిన్నది ఒంటబట్టాలంటే

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనలో చాలామందికి జీకే పుస్తకంలో ఒక్క లైనుగానే తెలుసు. ఆయన జీవితం చదివాక నాకు మాత్రం అది ఒకే ప్రశ్న చుట్టూ తిరిగినట్టు అనిపించింది. తిన్నది ఒంటబట్టడం అంటే అసలు ఏం జరగడం?

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చారు. మూడోసారికి మెట్రిక్ పాసయ్యింది మన మద్రాసు హిందూ హైస్కూల్లోనే. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, మెడికల్ కాలేజీ. ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు చిన్నదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. తోడబుట్టినవాళ్లు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. మనవాళ్లు సంగ్రహణి అనేది ఇలాంటిదాన్నే. చిన్నపేగు లోపల నూగులాంటి చూషకాలుంటాయి. జీర్ణమైన అన్నం వాటిలోంచే రక్తంలోకి చేరాలి. అవి దెబ్బతింటే కంచం నిండా తిన్నా మనిషి చిక్కిపోతాడు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు.

1922లో మామగారి సాయంతో బోస్టన్ వెళ్లారు. రాత్రిళ్లు హాస్పిటల్లో పోర్టరు పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అన్నంలోని శక్తి ఏటీపీగా మారాకే కణాలు దాన్ని వాడుకోగలవు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబులో తయారుచేసింది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ కావాలి, దాని తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. పేగు లోపలి పొర కొద్దిరోజులకోసారి కొత్తగా కట్టుకుంటుంది. ఫోలిక్ ఆమ్లం లేకపోతే ఆ పొర సరిగ్గా కట్టుకోదు. పొర సరిగ్గా లేకపోతే ఫోలిక్ ఆమ్లం ఒంట్లోకి రాదు. స్ప్రూ మనిషిని తిప్పే సుడి ఇదే. ఈ మందుతో స్ప్రూ రోగులు తేరుకున్నారు. ఆయన తోడబుట్టినవాళ్లకి మాత్రం అది పాతికేళ్లు ఆలస్యమైపోయింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్కులో నిద్రలో పోయారు. మళ్లీ ఇండియాకి రానేలేదు. ఆయన్ని మెచ్చుకునేటప్పుడు ఇక్కడే ఉండిపోయిన భార్య శేషగిరి గారిని కూడా తలుచుకోవాలని నా మనవి.

గవర్నమెంటు స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర గుర్తుందా? చేదని చాలామంది కిటికీలోంచి విసిరేసేవాళ్లం అంటారు. అందులో ఐరన్‌తో పాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఇంట్లో చెల్లెళ్లుంటే, ఈసారి మింగేదాకా పక్కనే నిలబడండి.