బిర్సా వెతుక్కున్న దారి



నవంబరు 15 వస్తే మన గూడేల్లో, ఆశ్రమ పాఠశాలల్లో బిర్సా ముండా పటానికి దండ వేస్తాం. విల్లు పట్టిన వీరుడిగానే ఆయన మనకు తెలుసు. అయితే ఆ విల్లు పట్టక ముందు, ఏ దేవుణ్ణి నమ్మాలో, ఎవరి మాట వినాలో తేల్చుకోవడానికి కొన్నేళ్లు తిరిగిన కుర్రవాడు ఆయన. ఈ సంచికలో ఆ సంగతే చెప్పాలనుకున్నాం.

1875లో చోటానాగపూర్ అడవుల్లోని ఉలిహాతులో పుట్టాడు. తండ్రి సుగనా, తల్లి కర్మీ. కడు పేదలు. ముండాలు అడవి కొట్టి సాగులోకి తెచ్చుకున్న భూములు జమీందార్ల, వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి పోతున్న కాలమది. పాదిరీలు కోర్టుల్లో తమ పక్షాన నిలబడతారన్న ఆశతో చాలామంది జర్మన్ మిషన్‌లో చేరారు. బిర్సా కుటుంబమూ చేరింది. పిల్లవాడు దావీదు అయ్యాడు, చైబాసా మిషన్ బడిలో చదువుకున్నాడు.

చదువైతే దొరికింది గానీ భూమి మాట ఎత్తితే మాత్రం చిక్కొచ్చింది. భూమి కోసం పోరాడుతున్న ముండా సర్దారులను మిషన్ పెద్దలు తప్పుపట్టారు. ఆ మాట బిర్సా సహించలేకపోయాడు. అన్నం పెట్టి చదువు చెప్పేచోట పెద్దలకు ఎదురు చెప్పడం పదిహేనేళ్ల పిల్లవాడికి ఎంత కష్టమో హాస్టళ్లలో చదివిన మనకు వేరే చెప్పక్కర్లేదు. 1890లో బడి వదిలాడు. ఇంటిల్లిపాదీ మిషన్‌కు దూరమయ్యారు.

తర్వాత బంద్‌గావ్‌లో ఆనంద్ పాండే అనే వైష్ణవుడి దగ్గర చేరాడు. జంధ్యం వేసుకున్నాడు, తులసిని కొలిచాడు, మాంసం మానేశాడు. అక్కడా ఆగలేదు.

1895లో చల్కద్‌లో తన మాట తాను చెప్పడం మొదలుపెట్టాడు. దేవుడు ఒక్కడే, సింగ్‌బోంగా. బోంగాలకు బలులు వద్దు, సారా వద్దు, ఒళ్లూ ఇల్లూ శుభ్రంగా ఉంచుకోండి అన్నాడు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన వదలమన్నది పరాయి కట్టుబాట్లనే కాదు, మన తాతల నాటి అలవాట్లను కూడా. అందుకే బిర్సా పాత ఆచారానికి తిరిగి వచ్చేశాడని ఒక్క ముక్కలో తేల్చేయడం మాకు సరిగా తోచదు. మిషన్ బడిలో నేర్చినదీ, వైష్ణవుల దగ్గర చూసినదీ, ముండాల సొంతమైనదీ కలిసి ఆయన చేతిలో కొత్తదయ్యాయి. రోగులకు సేవ చేశాడు. కొండలు దాటి జనం నడిచొచ్చారు. ధర్తీ ఆబా, అంటే భూమి తండ్రి అన్నారు.

సర్కారుకు భయం పుట్టింది. ఆ ఆగస్టులోనే పట్టుకుని రెండేళ్ల శిక్ష వేసింది. 1897 నవంబరులో వదిలింది. మిగతాది మీకు తెలిసిందే. 1899 డిసెంబరులో ఉల్‌గులాన్, జనవరిలో సైల్ రకబ్ కొండ మీద కాల్పులు, ఫిబ్రవరిలో మళ్లీ అరెస్టు. 1900 జూన్ 9న రాంచీ జైలులో కన్నుమూశాడు. కలరా అని సర్కారు రాసుకుంది. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ భూమి గోడు విని చోటానాగపూర్ కౌలు చట్టం తేవడానికి సర్కారుకు 1908 దాకా పట్టింది.

ఆయన బోధను పట్టుకుని ఉన్న కుటుంబాలు జార్ఖండ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లను బిర్సాయిత్‌లు అంటారు. సారా ముట్టరు. గురువారం వాళ్లకు పవిత్రమైన రోజు.