కాపడం గుడ్డతో పోలియోను ఎదుర్కొన్న సిస్టర్ కెన్నీ

పోలియో చుక్కలు ఇంటింటికీ వచ్చే కాలంలో పుట్టినవారికి ఆ వ్యాధి పేరు ఒకప్పుడు ఎంతటి భయాన్ని పుట్టించేదో తెలియకపోవచ్చు. కాలికి ఇనుప పట్టీలు బిగించుకొని, చంకలో కర్ర ఊతంగా బడికి వచ్చిన సహాధ్యాయులు మాత్రం నడివయసు దాటిన పాఠకులలో పలువురికి గుర్తుండే ఉంటారు. టీకా లేని ఆ రోజులలో, జ్వరం ఇంకా తగ్గకముందే బిడ్డ పక్కన కూర్చుని, నొప్పితో బిగుసుకున్న కాలిని చేతిలోకి తీసుకోవాలని నేర్పిన మహిళ ఒకరున్నారు. ఆమె వైద్యురాలు కారు. నర్సుగా పట్టా పుచ్చుకున్నవారూ కారు. అయినా నేటి ఫిజియోథెరపీ చరిత్ర ఆమె పేరు లేకుండా పూర్తి కాదు. ఆమే ఎలిజబెత్ కెన్నీ.

బాల్యం, స్వయంకృషి

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం, వరియాల్డా అనే ఊరిలో 1880 సెప్టెంబర్ 20న కెన్నీ జన్మించారు. తండ్రి ఐర్లండు నుండి వలస వచ్చిన రైతు. బడి చదువు అంతంతమాత్రమే. కుటుంబం తరువాత క్వీన్స్‌ల్యాండ్‌లోని నాబీ అనే పల్లెకు చేరింది. పదిహేడేళ్ళ ప్రాయంలో గుర్రంపై నుండి పడి మణికట్టు విరగగా, టూవూంబా పట్టణంలోని శస్త్రవైద్యులు ఏనియస్ మెక్‌డోనెల్ ఆమెకు చికిత్స చేశారు. కోలుకునే రోజులలో ఆయన దగ్గరున్న శరీరశాస్త్ర గ్రంథాలను చదువుతూ, ఏ కండరం ఏ ఎముకను ఎలా కదిలిస్తుందో ఆమె శ్రద్ధగా తెలుసుకున్నారు. జీవితాంతం ఆమెకు పెట్టుబడిగా నిలిచిన విద్య అదే.

1911 నాటికి ఆమె నాబీ పరిసర పల్లెలలో రోగులకు పరిచర్య చేసేవారు. అక్కడ కొందరు పిల్లలకు అంతుపట్టని జబ్బు చేసింది. అవయవాలు వంకరపోయి, ముట్టుకుంటే ఏడ్చేవారు. ఆమె మెక్‌డోనెల్‌కు టెలిగ్రాము పంపారు. అది శిశు పక్షవాతమనీ, కనిపించిన లక్షణాన్ని బట్టి తోచిన ఉపశమనం చేయమనీ ఆయన జవాబిచ్చారు. నాటి వైద్యశాస్త్రం చెప్పగలిగినది అంతే. ఉన్ని గుడ్డను వేడినీటిలో ముంచి, పిండి, బిగుసుకున్న కండరాల మీద ఆమె కాపడం పెట్టారు. నొప్పి తగ్గాక అవయవాన్ని మెల్లగా కదిలించారు. ఆ పిల్లలు కోలుకున్నారు. ఆ తరువాత క్లిఫ్టన్‌లో ఆమె ఒక చిన్న వైద్యశాలను నెలకొల్పారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో ఆమె సైనిక నర్సుల దళంలో చేరి, క్షతగాత్రులను స్వదేశానికి చేర్చే ఓడలపై పనిచేశారు. 1917లో సిస్టర్ హోదా లభించింది. ఈ మాట సన్యాసినిని కాక, పై స్థాయి నర్సును సూచిస్తుంది. 1927లో, గాయపడినవారిని కుదుపు లేకుండా తరలించే స్ట్రెచర్‌కు ఆమె పేటెంటు పొందారు.

బద్దలకు బదులు కాపడం

పోలియో సోకిన అవయవాన్ని కదలనీయకూడదన్నది ఆనాటి వైద్యుల సిద్ధాంతం. బలంగా ఉన్న కండరం బలహీనమైనదాన్ని లాగి కాలిని వంకర చేస్తుందని వారి భయం. అందుచేత బద్దలు కట్టి, పిండికట్టు వేసి, కొన్నిచోట్ల ఇనుప చట్రాలలో బిగించి, బిడ్డను వారాలూ నెలలూ కదలకుండా ఉంచేవారు. కట్టు విప్పేనాటికి కండరాలు క్షీణించి, కీళ్ళు బిగుసుకుపోయేవి.

1932లో కెన్నీ టౌన్స్‌విల్ పట్టణంలో ఒక ఇంటి పెరటిలో చికిత్సాలయం తెరిచారు. వేడినీటి స్నానాలు, కాపడాలు, కీళ్ళను కదిలించే వ్యాయామాలు ఆమె ఆయుధాలు. బద్దలనూ పట్టీలనూ పక్కన పెట్టించారు. క్రమంగా ఆమె పద్ధతికి ఒక రూపం ఏర్పడింది. మరుగుతున్న నీటిలో ముంచిన ఉన్ని గుడ్డను చర్మం కాలకుండా నీరంతా పోయేలా పిండి, కండరం మేరకు కత్తిరించి చుట్టాలి. దానిపై నీరు ఇంకని గుడ్డ, ఆపై పొడి ఉన్ని. కీళ్ళను మాత్రం కప్పకుండా వదలాలి. బిగువు సడలిన తరువాత చికిత్సకురాలు అవయవాన్ని కదిలిస్తూ, ఆ కదలిక ఎక్కడ పుడుతున్నదో రోగి మనసు నిలిపి గమనించేటట్లు చేయాలి. మరిచిపోయిన పనిని కండరానికి మళ్ళీ నేర్పడమే దీని సారం.

ఈ పని దూరం నుండి చేయదగినది కాదు. పోలియో అంటువ్యాధి. బిడ్డకు జ్వరం ఉండగానే, అదీ పగలూ రాత్రీ, దగ్గర కూర్చుని చేయవలసిన సేవ ఇది. చేతి నైపుణ్యమూ, చేరువకు వెళ్ళే ధైర్యమూ రెండూ ఉన్నవారికే అది సాధ్యం.

ప్రతిఘటన, ఆదరణ

బ్రిస్బేన్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రదర్శనలో వైద్యులతోపాటు, ఫిజియోథెరపీకి పూర్వరూపమైన మర్దన చికిత్స నిపుణులు కూడా ఆమెను ఎగతాళి చేశారు. అయినా తల్లిదండ్రుల ఒత్తిడి వల్ల 1934 నుండి ప్రభుత్వమే ఆమె పద్ధతికి చికిత్సాలయాలు తెరిచింది. 1935లో ప్రముఖ వైద్యులతో నియమించిన విచారణ సంఘం 1938లో ఇచ్చిన నివేదికలో ఆమె పద్ధతిని తీవ్రంగా ఖండించింది. అయినప్పటికీ బ్రిస్బేన్ పెద్దాసుపత్రిలో కొత్తగా వ్యాధి సోకినవారికై ఆమెకు ఒక వార్డు దక్కింది. ఆమె రోగులు త్వరగా కోలుకుంటున్నారనీ, వారి అవయవాలు మృదువుగా ఉంటున్నాయనీ ఆసుపత్రి పర్యవేక్షకులు గుర్తించారు.

1940లో క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వం ఆమెను అమెరికాకు పంపింది. చాలాచోట్ల తలుపులు తెరుచుకోలేదు. చివరకు మినియాపొలిస్ నగరంలో మిలండ్ నాప్, జాన్ పోల్ అనే వైద్యులు ఆమె చేతిపనిని కళ్ళారా చూసి, అక్కడే ఉండిపొమ్మన్నారు. 1942 డిసెంబర్‌లో ఆమె పేరిట ఆ నగరంలో చికిత్సా సంస్థ వెలసింది. అంతకంటె ముఖ్యమైనది అక్కడ మొదలైన శిక్షణ. వైద్యులు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు వచ్చి నేర్చుకొని తమ తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళేవారు. అమెరికాలో పోలియో ప్రతి వేసవిలోనూ విజృంభించేది. వ్యాధి వచ్చిపడిన తరువాత నేర్చుకునే వ్యవధి ఉండదు. వేసవికి ముందే చేతులు సిద్ధం కావాలి.

గుణదోషాలు

కెన్నీ జీవితాన్ని కేవలం స్తుతిగా చెప్పుకుంటే సత్యానికి లోటు చేసినట్లే. వ్యాధి మూలం కండరాలలోనే ఉన్నదని ఆమె గట్టిగా వాదించారు. అది పొరపాటు. పోలియో వైరస్ వెన్నుపాములోని, కండరాలను నడిపే నాడీకణాలను నాశనం చేస్తుంది. చనిపోయిన కణాన్ని ఏ కాపడమూ బ్రతికించలేదు. స్వల్పంగా వ్యాధి సోకినవారు వాటంతటవే కోలుకోవడం కద్దు గనుక, ఆ ఫలితాన్ని తన ఖాతాలో వేసుకున్నారన్న వైద్యుల ఆక్షేపణలో న్యాయం ఉన్నది. 1944లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి ఆమె చెప్పుకున్న విజయాలను తప్పుపట్టింది. ఆమె మాట కటువు. విమర్శను సహించే స్వభావం కాదు.

ఐతే సిద్ధాంతంలో తప్పినా ఆచరణలో ఆమె నెగ్గారు. చట్రాలూ దీర్ఘకాలపు బద్దలూ క్రమంగా వాడుక తప్పాయి. తొలినాళ్ళలోనే కదలిక, కండరాలకు పునఃశిక్షణ అనే భావనలు ఫిజియోథెరపీలో స్థిరపడ్డాయి. 1946లో ఆమె జీవితం హాలీవుడ్ చలనచిత్రమైంది. 1950లో అమెరికా కాంగ్రెస్, ఆ దేశానికి స్వేచ్ఛగా రాకపోకలు సాగించే అరుదైన గౌరవాన్ని ఆమెకు ప్రసాదించింది. 1951లో స్వదేశానికి మరలి, 1952 నవంబర్ 30న టూవూంబాలో ఆమె కన్నుమూశారు. నాబీ శ్మశానవాటికలో ఆమె సమాధి ఉన్నది. అదే సంవత్సరం అమెరికాలో సుమారు 58 వేల మందికి పోలియో సోకింది. సాల్క్ టీకా 1955లో వచ్చింది. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది.

నేటికి ఆ పాఠం

2020లో కరోనా వచ్చినపుడు ఫిజియోథెరపిస్టులకు మరల అదే పరీక్ష ఎదురైంది. ఊపిరాడని రోగిని బోర్లా పడుకోబెట్టడం, శ్వాస వ్యాయామాలు చేయించడం, వెంటిలేటర్ నుండి బయటపడి నడక మరచినవారిని మళ్ళీ నిలబెట్టడం వారి పనులయ్యాయి. కీళ్ళనొప్పులకూ నడుమునొప్పులకూ మాత్రమే చికిత్స చేస్తూ వచ్చినవారు ఒక్కసారిగా అత్యవసర వార్డులో అడుగుపెట్టవలసి వచ్చింది. మరొకవైపు రాష్ట్ర సరిహద్దులలో రాకపోకలు నిలిచాయి. పొరుగు రాష్ట్రపు పట్టణంలో పక్షవాతానికి వ్యాయామ చికిత్స పొందుతున్నవారి కష్టం మన ప్రాంతాలవారికి వేరే చెప్పనక్కరలేదు.

భయం సహజం. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. కెన్నీ వెనుక కనీసం ఒక టెలిగ్రాము ఉన్నది, తెలిసినంత చెప్పి నమ్మకం ఉంచిన ఒక వైద్యుడు ఉన్నాడు. నేటి చికిత్సకులకు రక్షణ దుస్తులు, ముందస్తు శిక్షణ, ఆపదలో వారి కుటుంబాలకు భరోసా కావాలి. అవి సమకూర్చవలసినది ప్రభుత్వాలూ ఆసుపత్రులూ. వేసవికి ముందే చేతులు సిద్ధం చేసిన మినియాపొలిస్ శిక్షణను అనుసరించి, తరువాతి మహమ్మారి రాకముందే ఆ పని జరగాలి.