రైతులకు శిష్యుఁడైన దొర

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పొలములలో కోఁతల పిదప వరికొయ్యలను తగులఁబెట్టుట చూచినప్పుడెల్ల మాకు సర్ ఆల్బర్టు హోవర్డు జ్ఞప్తికి వచ్చును.

1873లో ఇంగ్లండున జన్మించిన యాతఁడు 1905లో సర్కారు శాస్త్రజ్ఞుఁడుగా బీహారులోని పూసాకు వచ్చి, నేర్పఁబోయి మన రైతులకే శిష్యుఁడయ్యెను. నేల సారవంతమైనచోఁ బైరునకు తెగులు దూరమని యాతని సిద్ధాంతము. 1924 మొదలు 1931 వఱకు ఇండోరునఁ బనిచేసి, చెత్త, పేడ, మట్టి, బూడిదలను పొరలుగాఁ బేర్చి, తడిపి, తిరుగవేసి, మూఁడు మాసములలో నెరువుచేయు పద్ధతిని స్థిరపఱచెను. 1940లో తన సిద్ధాంతమును గ్రంథముగాఁ బ్రకటించి, 1947లో గతించెను.

నేఁడు వానలు గతిదప్పినవి. సేంద్రియపదార్థము గల నేల వాననీటిని పీల్చి బెట్టకు నిలుచును. కాల్చిన గడ్డి పొగయై పోవును. పరదేశి మననుండి నేర్చిన విద్యను మనమే మఱచుట తగునా? భూస్వాములారా, ఈ యేఁడైనను గడ్డిని కాల్పక యెరువుగుంతలు త్రవ్వింపుఁడు.