బ్రౌన్ దొర వాకిలి

స్వర్ణోత్సవ సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాసివ్వమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు చాలా పేర్లు తలపుకు వచ్చాయి. చివరికి సి.పి. బ్రౌన్ దగ్గర ఆగాను. మన కడప జిల్లాలో చదివినవాళ్లకు ఆయన కొత్త కాదు. నిఘంటువు చేసిన దొర, వేమనను వెలికి తీసిన దొర అని తెలుగు అయ్యవారు చెప్పగా విన్నాం, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠంలో చోటు దొరకని బ్రౌన్ ఇంకొకడు ఉన్నాడు. కాళ్లు లేనివాళ్లు, చూపు లేనివాళ్లు కడపలో ఎవరి సాయం కోసం వచ్చేవాళ్లో ఆ బ్రౌన్. నేను రాయాలనుకున్నది ఆయన గురించి. నిఘంటువు సంగతి దారిలో వస్తుంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతగురువు. ఇంగ్లాండు నుంచి ఆయన మొదట వచ్చింది కలకత్తాలోని సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం చూసుకోవడానికి. తర్వాత ఫోర్ట్ విలియం కాలేజీలో పెద్ద పదవి చేశాడు. కొడుక్కి హీబ్రూ, అరబ్బీ, పారశీ, హిందుస్తానీ ఇంట్లోనే నేర్పించాడు. బ్రౌన్‌కు పద్నాలుగేళ్లు నిండకముందే, 1812లో, తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని ఇంగ్లాండు వెళ్లిపోయింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో కంపెనీ కొలువుకు చదువుకుని, 1817 ఆగస్టులో మద్రాసు రేవులో దిగాడు.

తెలుగు ఒక్క ముక్క రాదు. ఓనమాలు నేర్పింది వెలగపూడి కోదండరామ పంతులు. దొరలు జనం భాష నేర్చుకుంటే తప్ప పాలన సాగదని గట్టిగా నమ్మిన థామస్ మన్రో 1820లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన్రో అంటే మన సీమకు తెలిసిన మనిషే, దత్తమండలాలకు మొదటి కలెక్టరు. ఆ ఏడే బ్రౌన్ తెలుగు పరీక్ష గట్టెక్కి, ఆగస్టులో కలెక్టరు హన్‌బరీకి సహాయకుడిగా కడపకు వచ్చాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. హన్‌బరీ తెలుగు బాగా మాట్లాడేవాడట. కుర్రవాడికి అది చూసి రోషం వచ్చి ఉంటుంది.

కడపలో ఆయన చేసిన మొదటి పనుల్లో బడులు పెట్టడం ఒకటి. జీతం పుచ్చుకోకుండా పిల్లలకు చదువు చెప్పించాడు. మచిలీపట్నం బదిలీ అయితే అక్కడా పెట్టాడు. అయ్యవార్లకు ఇచ్చే జీతాలు కంపెనీ ఖజానావి కావు, ఆయన సొంతవి. బడితో పాటే ఇంకొకటి నడిచింది. వికలాంగులకూ దిక్కులేనివాళ్లకూ ఆయన నెలనెలా, పండుగ వచ్చినప్పుడల్లా సాయం చేసేవాడు. నెలకు ఐదు వందల రూపాయల దాకా దానికే పోయేదని చెబుతారు. కచేరీలో బంట్రోతుకు నెలకు పట్టుమని పది రూపాయలు రాని కాలం అది.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది, నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఎవరైనా దాన్ని దానధర్మం అంటే బ్రౌన్ ఒప్పుకునేవాడు కాదట. అది తన విధి అనేవాడట. చేతిలో అధికారం ఉన్నవాడు, ఈ జనం కట్టిన శిస్తులోంచే జీతం తీసుకునేవాడు, ఆ జనంలో కాలు చెయ్యి ఆడనివాళ్లను చూసుకోవడం పుణ్యం కిందికి రాదు, పని కిందికి వస్తుంది. ఇది నా వివరణ. ఆయన ఇంత దూరం ఆలోచించి అన్నాడో లేదో గానీ ఆ మాటలో ఉన్న పట్టు ఇదే అనుకుంటాను. దానమైతే ఇచ్చేవాడి ఇష్టం. విధి అయితే అడిగేవాడికి హక్కు వస్తుంది.

అయితే ఆ విధి కంపెనీది కాలేదు, బ్రౌన్ ఒక్కడిదిగానే మిగిలింది. ఒక మనిషి జేబు మీద నడిచేది ఆ మనిషి బదిలీ అయితే ఏమవుతుందో మనలో ఉద్యోగాలు చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయనకు బదిలీలు కూడా తక్కువ కాదు: మచిలీపట్నం, రాజమండ్రి, మళ్లీ కడప, ఆ తర్వాత తిరునెల్వేలి. 1826లో కడపకు తిరిగి వచ్చాక మామిడితోట ఉన్న స్థలం కొని బంగళా కట్టించాడు. పండితులనూ రాయసగాళ్లనూ అక్కడే పెట్టి, సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాటాకు పుస్తకాలు తెప్పించి, ఒక ప్రతికి ఇంకో ప్రతి పక్కన పెట్టి తప్పులు దిద్దించాడు. ఆ ఇంటికి బ్రౌన్ కాలేజీ అనే పేరు పడింది. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ వ్యవహారమంతా చూసుకునేవాడు. దొర ఏ ఊళ్లో ఉన్నా కడపలో పని ఆగలేదు. డబ్బు చాలక అప్పులయ్యాయి. వేమన పద్యాల మొదటి పుస్తకం 1829లో అచ్చయింది ఈ కష్టంలోంచే.

తర్వాత 1832, 33 సంవత్సరాలు. నందన నామ సంవత్సరపు కరువు, గుంటూరు సీమలో డొక్కల కరువు అని పేరు. ఐదు లక్షల జనం ఉన్న సీమలో దాదాపు రెండు లక్షల మంది చనిపోయారని లెక్క చెబుతారు. బ్రౌన్ అప్పుడు కోస్తాలో కొలువులో ఉన్నాడు. పైవాళ్ల కాగితాల్లో అది ధాన్యం కొరత. కొరత అని రాస్తే శిస్తు మాఫీ చేయనక్కర్లేదు, గంజి పోయనక్కర్లేదు. బ్రౌన్ దాన్ని కరువు అనే పేరుతోనే పిలిచాడు, అది సర్కారుకు నచ్చలేదు. మాటల అర్థాలు వెతకడమే వ్యసనమైన మనిషి ఆ ఒక్క మాట దగ్గర సర్దుకుపోలేదు. నిఘంటుకారుడిగా ఆయన చేసిన పనుల్లో నా లెక్కన ఇదీ ఒకటి. 1834లో ఆయన ఉద్యోగం పోయింది. కరువు మాటకూ దానికీ నేను ముడి వేయను, కారణాలు చాలా చెబుతారు.

లండన్‌లో రెండు మూడేళ్లు ఉన్నాడు. అక్కడి ఇండియా హౌస్‌లో పట్టించుకునేవాళ్లు లేక పడి ఉన్న దక్షిణాది భాషల రాతప్రతుల్ని హెచ్.హెచ్. విల్సన్‌తో కలిసి వర్గీకరించాడు. 1837లో పారశీ అనువాదకుడిగా మళ్లీ మద్రాసుకు వచ్చాడు. తర్వాత పోస్టుమాస్టర్ జనరల్ అయ్యాడు, తెలుగు అనువాదకుడూ అయ్యాడు. వ్యాకరణం 1840లో, నిఘంటువులు 1852 ప్రాంతంలో వచ్చాయి. ఈ భాగం అందరికీ తెలిసిందే కనుక సాగదీయను. ఆరోగ్యం చెడి 1855 నాటికి ఇంగ్లాండు చేరాడు. లండన్ విశ్వవిద్యాలయంలో గౌరవ తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న లండన్‌లో చనిపోయాడు.

ఆయన వదిలి వెళ్లిన రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. తాటాకు పుస్తకాలను ఆయన 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అవి చేతులు మారి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. వాటికి ఒక గది, ఒక బీరువా, జీతం తీసుకునే కాపలా మనిషి, ప్రభుత్వ పద్దులో ఒక ఖర్చు దొరికాయి. అందుకే బతికాయి. నెలనెలా ఆయన వాకిట్లో నిలబడ్డ మనుషులకు అలాంటి గది ఏదీ దొరకలేదు. పద్యాలను కాపాడినంత పకడ్బందీగా ఆయన వాళ్లనూ ఎవరికైనా అప్పగించి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది. కానీ అప్పగించడానికి అప్పట్లో ఎవరున్నారు?

ప్రభుత్వం ఆ పని తనదేనని కాగితం మీద ఒప్పుకోవడానికి ఇంకో ఘోరం జరగాల్సి వచ్చింది. 1876–78 ధాత కరువు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. బ్రౌన్ అప్పటికి లండన్‌లో ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ ముసలాయన. ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది, 1883లో కరువు నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పని చేయగలిగినవాళ్లకు కరువు పనులు. చేయలేని గుడ్డి, కుంటి, ముసలివాళ్లకు ఊళ్లోనే ఉచిత బత్తెం, లేదా పూర్‌హౌస్ అనే బీదల ఆశ్రమంలో తిండి, నీడ. పూర్‌హౌస్‌కు వెళ్లాలంటే జనానికి గుండె ఒప్పేది కాదు. కులం పోతుందని, పరువు పోతుందని, ఊరు విడిచిపోతే తిరిగి రామని భయం. ఊళ్లో ఇంటి దగ్గర అందిన బత్తెమే వాళ్లకు కావలసింది. నూట నలభై ఏళ్ల తర్వాత కూడా దివ్యాంగుల విషయంలో ప్రభుత్వాల ముందు ఉన్న ప్రశ్న దాదాపు ఇదే: మనిషిని సాయం ఉన్న చోటికి తరలించాలా, సాయాన్ని మనిషి ఉన్న చోటికి తేవాలా?

మన దేశంలో దీనికి చట్టం చెప్పిన జవాబు 2016లో వచ్చింది. ఆ ఏడాది దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దాని ఐదో సెక్షన్ చదవండి, మూడు నాలుగు వాక్యాలే. వైకల్యం ఉన్న మనిషికి అందరి మధ్యా బతికే హక్కు ఉంది, ఫలానా ఆశ్రమంలోనే ఉండాలని బలవంతం చేయకూడదు, ఇంటి దగ్గర సాయం గానీ వసతి గృహం గానీ తోడుండే సహాయకుడు గానీ అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలి. మన రాష్ట్రంలో పింఛను సంగతి మీకు తెలుసు. 2024లో అది నెలకు 6,000 రూపాయలైంది, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. నెల మొదట్లో ఇంటి దగ్గరికే తెచ్చి ఇస్తున్నారు. బ్రౌన్ చూస్తే సంతోషపడేవాడు, ఆ తర్వాత సహాయకుడి సంగతేమిటని అడిగేవాడు. డబ్బు వచ్చింది గానీ స్నానానికి ఎత్తి కూర్చోబెట్టే మనిషి ఇంకా తల్లీ, పెళ్లామే. వాళ్లకు వయసు మీరితే ఏమిటన్నది చాలా ఇళ్లలో రాత్రిపూట మాత్రమే మాట్లాడుకునే మాట.

ఇంత రాశాక మన బడి దగ్గరికి రాకుండా ఉండలేను. నా బ్యాచ్‌లో పోలియో సోకిన ఒక మిత్రుడు ఉండేవాడు. పేరు రాయను, మీలో సగం మందికి ఎవరో తెలుసు. ముగ్గురాయి గనిలో మధ్యాహ్నం తూటాలు పేలితే మనమందరం కిటికీ దగ్గరికి పరుగెత్తేవాళ్లం, వాడు బెంచీ మీదే కూర్చుని దుమ్ము ఎంత ఎత్తు లేచిందో మమ్మల్ని అడిగేవాడు. లెక్కల్లో క్లాసు ఫస్టు. పదో తరగతి అయ్యాక ఇంటర్‌కు ఒక పట్నంలో హాస్టల్లో చేరాడు. స్నానాల గదులు ఆవరణ అవతల, ఎనిమిది మెట్లు దిగి వెళ్లాలి. రోజూ ఎవరినో బతిమాలుకోవాల్సి వచ్చింది. నెల తిరగకుండా పెట్టె సర్దుకుని వచ్చేశాడు. ఎవరూ వాణ్ని పొమ్మనలేదు, ఆ హాస్టల్లో చెడ్డవాళ్లూ లేరు. మెట్లు మాత్రం ఉన్నాయి. తర్వాత గడియారాలు బాగుచేశాడు, ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నాడు.

పోయినసారి మనం కలుసుకున్నప్పుడు వాడు వచ్చాడు. గురువులకు శాలువాలు కప్పడానికి బ్యాచ్‌ల వారీగా వేదిక మీదికి పిలిచారు. వాడు మూడు చక్రాల బండి మీద వేపచెట్టు కిందే ఉండిపోయాడు. ఎత్తుకుని ఎక్కిస్తామని ఇద్దరు ముగ్గురు పోయారు, వద్దన్నాడు. యాభై దాటిన మనిషిని చిన్నపిల్లాడిలా ఎత్తుకోవడం వాడికి ఎట్లా ఉంటుందో మాకు అప్పుడు తట్టలేదు.

కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించినవి. ఆయనా ముందు విరాళాలు అడిగాడు, కానీ అక్కడితో ఆగలేదు. ప్రభుత్వానికి అర్జీ మీద అర్జీ పెట్టాడు. ఇప్పుడు ఆ కేంద్రం విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది, ఒక్కరి జేబు మీద లేదు.

స్వర్ణోత్సవ నిధిలోంచి బడి ముందు ఆర్చి కట్టాలనే ఆలోచన ఉందని విన్నాను. కట్టండి, నా వంతు ఇస్తాను. వేదికకూ తరగతి గదులకూ మరుగుదొడ్డికీ వాలుబాట కట్టడానికి మాత్రం నేను చందా ఇవ్వను. ఇప్పుడున్న ప్రభుత్వ భవనాలన్నిటినీ దివ్యాంగులు వాడుకునేలా మార్చాలని ఆ 2016 చట్టమే 45వ సెక్షన్‌లో చెప్పింది. నిబంధనలు వచ్చిన నాటి నుంచి ఐదేళ్లు గడువు పెట్టింది. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. గడువు దాటిపోయింది. అర్జీ రాసి పెట్టాను, రెండు పేజీలు. ప్రధానోపాధ్యాయుల వారి ద్వారా జిల్లా విద్యాశాఖాధికారికి ఒకటి, కలెక్టరు గారికి ఒకటి. మొదటి సంతకం చెట్టు కింద కూర్చున్న మిత్రుడిది. రెండోది నాది. ఉత్సవం రోజు ఆ కాగితాలు పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర ఉంటాయి, పెన్ను కూడా పెడతాను.