బొమ్మల యుద్ధము

క్రీ.శ. 1866లో ఇంగ్లండునందలి బ్రామ్లీలో ఒక చిన్న అంగడివాని యింట హెచ్. జి. వెల్స్ జన్మించెను. చిన్ననాట బట్టల దుకాణమున పనిచేసి, పిదప ఉపాధ్యాయుడై, తుదకు విశ్వవిఖ్యాత రచయిత యయ్యెను.

సీసపు సిపాయి బొమ్మలతో యుద్ధమాడుట ఆయనకు మిక్కిలి ప్రీతి. ఆ క్రీడకు నియమములు కూర్చి 1913లో ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమును ప్రకటించెను. బొమ్మ ఫిరంగినుండి అంగుళము పొడవు కొయ్యముక్కను వదలి శత్రుసైన్యమును కూల్చవలెను. కూలిన బొమ్మ మరునాటి ఆటకు మరల నిలుచును. నిజమైన యుద్ధమున కూలినవాడు లేవడు. యుద్ధకాంక్ష గలవారు బొమ్మలతోనే దానిని తీర్చుకొనవలెనని ఆయన ఆ గ్రంథముననే వాదించెను.

మరుసటి యేట, 1914లో, మహాసంగ్రామము ప్రారంభమయ్యెను. అదియే కడపటి యుద్ధము కాగలదని వెల్స్ ఆశించెను. ఆ ఆశ అడియాస కాగా, రెండవ ప్రపంచయుద్ధమును గూడ చూచి 1946లో మరణించెను. యుద్ధక్రీడల సేకర్తలు నేటికిని ఆ గ్రంథపు తొలి ముద్రణను వెదకి దాచుకొనుచున్నారు.