ఒంటరి విహారమే ఎయిర్ ఇండియాకు పునాది

విమాన చోదక విద్యను అభ్యసించే విద్యార్థికి అసలు పరీక్ష తరగతి గదిలో జరగదు. శిక్షకుడు దిగిపోయిన తరువాత, ఎదుట పటం, దిక్సూచి, గడియారం పెట్టుకుని ఒంటరిగా దూర ప్రాంతానికి వెళ్లి రావలసిన నాడే అతని సామర్థ్యం తేలుతుంది. వాణిజ్య విమాన చోదకుని లైసెన్సు కోరే అభ్యర్థి 200 గంటల విహారంతో పాటు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాలలో దిగుతూ 300 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 555 కిలోమీటర్ల యాత్రను స్వయంగా నిర్వహించాలన్నది నిబంధన. ఇటువంటి నిబంధనలు రూపుదిద్దుకొనక ముందే ఆ పరీక్షను ఖండాంతర స్థాయిలో ఎదుర్కొని, అందులో నేర్చిన పాఠంతో దేశానికి విమానయాన పరిశ్రమను అందించిన వ్యక్తి జె.ఆర్.డి. టాటా.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా 1904 జులై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి రతన్‌జీ దాదాభాయి, టాటా సంస్థల వ్యవస్థాపకుడు జంషెట్‌జీకి బంధువు. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. ఫ్రాన్సు సముద్ర తీరాన వారి కుటుంబం వేసవి గడిపే గ్రామంలోనే, 1909లో ఇంగ్లిష్ చానల్‌ను తొలిసారి విమానంలో దాటిన లూయీ బ్లెరియో విడిది ఉండేది. బాలుడైన జహంగీర్‌కు విమానంపై మక్కువ అక్కడే అంకురించింది. పదిహేనేళ్ల ప్రాయంలో తొలిసారి ప్రయాణికునిగా విమానమెక్కిన నాడే తానూ చోదకుడు కావాలని ఆయన నిశ్చయించుకున్నారు. ఆ కోరిక నెరవేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్ ప్రారంభం కాగానే ఆయన శిక్షణలో చేరారు. శిక్షకునితో కలసి 3 గంటల 45 నిమిషాలు మాత్రమే ఎగిరిన అనంతరం ఒంటరిగా విమానం నడిపారు. 1929 ఫిబ్రవరి 10న ఆయనకు లభించిన పత్రంపై ఉన్న సంఖ్య 1. భారతదేశంలో అర్హత పత్రం పొందిన తొలి విమాన చోదకుడు ఆయనే.

అదే సంవత్సరం ఆగాఖాన్ ఒక పోటీ ప్రకటించారు. ఇంగ్లండు, భారతదేశాల మధ్య నిర్ణీత గడువులోగా ఒంటరిగా విమానం నడిపే తొలి భారతీయునికి 500 పౌన్ల బహుమతి. ముగ్గురు యువకులు రంగంలోకి దిగారు. మన్‌మోహన్ సింగ్, ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుంచి బయలుదేరగా, జె.ఆర్.డి. 1930 మే 3న కరాచీ నుంచి జిప్సీమాత్ విమానంలో పడమటి దిశగా సాగారు. దారి చూపే రేడియో లేదు. ఎడారి మీద గాలి విమానాన్ని ఎంత పక్కకు నెడుతున్నదో చోదకుడే అంచనా వేసుకోవాలి. లెక్క తప్పితే ఇంధనం అయిపోయే లోగా దిగేందుకు చోటు దొరకక పోవచ్చు.

ఈజిప్టులో అలెగ్జాండ్రియా సమీపాన గల అబూకిర్ విమాన స్థావరంలో జె.ఆర్.డి.కి ఆస్పీ తారసపడ్డాడు. అప్పటికి అతని వయస్సు పదిహేడేళ్లు. ఇంజనులోని స్పార్కు ప్లగ్గులు చెడిపోయి, మార్చడానికి వేరేవి లేక నిలిచిపోయాడు. ఎడారి దాటి వచ్చిన జె.ఆర్.డి. వద్ద అదనపు ప్లగ్గులున్నాయి. అవి లేకుండా ఆస్పీ కదలలేడు. ఇస్తే పోటీలో గెలవవచ్చు. జె.ఆర్.డి. వాటిని ఇచ్చివేశారు. ఆస్పీ మే 11న కరాచీ చేరి, కొద్ది గంటల తేడాతో బహుమతి గెలుచుకున్నాడు. మన్‌మోహన్ సింగ్ గమ్యం చేరినా గడువు మించిపోయింది. ఆస్పీ అనంతరం వైమానిక దళంలో చేరి 1960లో దానికి అధిపతి అయ్యారు. దేశానికొక సేనాని దక్కడంలో ఆ ప్లగ్గులకూ పాత్ర ఉంది.

ఓడిపోయిన వ్యక్తి వ్యాపారం ప్రారంభించారు. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కరాచీ దాకా తెచ్చే తపాలాను బొంబాయి, మద్రాసులకు చేరవేసే పథకాన్ని బ్రిటిష్ వైమానికుడు నెవిల్ వింట్‌సెంట్ ప్రతిపాదించగా, జె.ఆర్.డి. దానిని ముందుకు నడిపారు. టాటాల పెట్టుబడి 2 లక్షల రూపాయలు. ప్రభుత్వ సబ్సిడీ లేదు. మోసిన తపాలా బరువును బట్టి చెల్లింపు మాత్రమే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. పుస్‌మాత్ విమానంలో 25 కిలోల తపాలాతో కరాచీ నుంచి ఒంటరిగా బయలుదేరి, అహ్మదాబాద్‌లో ఇంధనం నింపుకుని, మధ్యాహ్నానికి బొంబాయి జుహూ మైదానంలో దిగారు. అక్కడి నుంచి వింట్‌సెంట్ తపాలాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చారు. తొలి సంవత్సరమే సంస్థ 60 వేల రూపాయల లాభం గడించింది.

1938లో, 34వ యేట, జె.ఆర్.డి. టాటా సన్స్ అధ్యక్షులయ్యారు. ఉక్కు, రసాయనాలు, విద్యుత్తు వంటి పరిశ్రమల భారం మీద పడినా విమానయానాన్ని విడువలేదు. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో బేగంపేట కేంద్రంగా 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాగా మారింది. 1948 జూన్ 8న బొంబాయి - లండన్ సర్వీసు ఆరంభమయింది. 1953లో ప్రభుత్వం విమాన సంస్థలను జాతీయం చేసింది. జె.ఆర్.డి. ఆ నిర్ణయంతో ఏకీభవించకపోయినా, వేతనం తీసుకోకుండా ఎయిర్ ఇండియా అధ్యక్ష బాధ్యత నిర్వహించారు. 1978లో మొరార్జీ దేశాయి ప్రభుత్వం ఆయనను ఆ పదవి నుంచి తొలగించింది. అయినా 1982 అక్టోబరులో, 78వ యేట, కరాచీ - బొంబాయి మార్గంలో మరోసారి ఒంటరిగా విమానం నడిపి స్వర్ణోత్సవం జరిపారు. 1992లో భారతరత్న అందుకున్న ఆయన 1993 నవంబరు 29న జెనీవాలో మరణించారు. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల యాజమాన్యంలోకి వచ్చింది.

తపాలా విమానం కరాచీ నుంచి బయలుదేరిన 88 ఏళ్లకు, 2020 సెప్టెంబరులో, బస్తర్ కేంద్రమైన జగ్దల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు విమాన సర్వీసు ప్రారంభమయింది. నాడు ఎయిర్ ఇండియాకు అనుబంధంగా ఉన్న అలయన్స్ ఎయిర్ దానిని నడిపింది. చిన్న పట్టణాల మార్గాలలో కలిగే లోటును ఉడాన్ పథకం కింద ప్రభుత్వం పూడుస్తుంది. సబ్సిడీ లేకుండా 25 కిలోల తపాలాతో మొదలైన పరిశ్రమ, అటవీ ప్రాంతాలకు చేరడానికి ప్రభుత్వ చేయూత కోరవలసి రావడం గమనార్హం. తెలంగాణ సరిహద్దున, రైలు మార్గం లేని కిష్టారం వంటి గ్రామాలకు ఆ విమానాశ్రయం సైతం దూరమే. అటువంటి చోట్ల నుంచి కూడా ఒకనాడు ఒక విద్యార్థి పటం, దిక్సూచి చేతబట్టి ఒంటరిగా గగనానికి ఎగసినపుడే, జె.ఆర్.డి. తెరచిన దారి అందరిదీ అయినట్లు.