పాకశాలాచార్యుడు ఎస్కాఫియే

నలభీమపాకమను మాట మనలో పండితుల నోటను పామరుల నోటను గూడ వినబడుచుండును. నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువులో చేరెను. భీముడు వలలుడను పేర విరాటుని వంటయింట నొక సంవత్సరము గడపెను. మహావీరుడైన భీముడు దాగుకొనుటకు వంటశాలయే తగిన చోటని కవి తలచుటలో ఒక విశేషమున్నది. వంటకమును మెచ్చుకొనువారే గాని వంటవాని ముఖము వంక తేరిపార చూచువా రుండరు. యూరపు ఖండములోను పందొమ్మిదవ శతాబ్దిలో సంగతి యించుమించుగా నిట్లే యుండెను. ఆ స్థితిని మార్చినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడగు ఓగస్ట్ ఎస్కాఫియే.

ఇతడు 1846వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన, నీస్ పట్టణమునకు చేరువనున్న విల్నవ్-లూబే గ్రామమున జన్మించెను. తండ్రి కమ్మరి. బాలునకు శిల్పి కావలెనని కోరిక. కాని కొలిమిపని వారి బిడ్డకు శిల్పవిద్య చెప్పించుట ఆ యింటికి శక్యము గాదు. 13వ యేట అతనిని నీస్‌లో భోజనశాల నడుపుచున్న పినతండ్రి వద్ద పనికి చేర్చిరి. పినతండ్రి బంధుత్వము పాటించి పని తగ్గించిన వాడు కాడు. పిల్లవాడు పొట్టి. పొయ్యి సెగ ముఖమునకు తగులకుండుటకై ఎత్తు మడమల జోళ్లు తొడిగికొని నిలువబడెడివాడట.

ఆనాటి పెద్ద వంటశాలలు చాలవరకు నేలమాళిగలలో నుండెను. బొగ్గు పొయ్యిల వేడి, పొగ, గాలి చొరని గోడలు. సెగకు గొంతెండిన వంటవారు మద్యముతో దాహము తీర్చుకొనుచుండిరి. అందుచేత ముదిరిన తాగుడు, తిట్లు, కేకలు. చిన్నవాండ్రకు చెంపదెబ్బలే పాఠములు. శిష్యుడు గురువును చూచి పని నేర్చుకొనవలసినదే గాని ఇది యిట్లేల యని యడుగుట కవకాశము లేదు. ఎస్కాఫియే ఈ బడిలోనే చదివెను. అతని గొప్పతనమంతయు ఆ దెబ్బలను తన క్రిందివారికి తిరిగి యీయకుండుటలో నున్నది.

1865లో అతడు పారిస్ నగరము చేరెను. 1870లో ప్రష్యాతో యుద్ధము రాగా సైన్యమున వంటవాడై మెట్జ్ కోట ముట్టడిలో చిక్కుకొనెను. తిండి కరవై గుఱ్ఱపు మాంసమును వండవలసిన దినములవి. ఆహారమును డబ్బాలలో చెడకుండ నిలువ చేయు పద్ధతులపై అతనికి శ్రద్ధ కలుగుటకు ఈ యనుభవమే కారణము.

1884లో మాంటే కార్లోలో అతనికి సెజార్ రిట్జ్‌తో సాంగత్యము కుదిరెను. రిట్జ్ స్విట్జర్లాండు రైతుబిడ్డ. ఒకప్పుడు యజమాని ఇతడు హోటలు పనికి పనికిరాడని తీసివేసినవాడు. ఒకరు అతిథి మర్యాదలోను మరియొకరు వంటలోను ఆరితేరినవారు. 1890 నాటికి ఇరువురును లండన్‌లోని సవోయ్ హోటలును నడుపుచుండిరి.

ఎస్కాఫియే చేసిన మార్పును ఒక ఉదాహరణముతో తెలియవచ్చును. కోడిగ్రుడ్లు, కాల్చిన మాంసపు తునక, పైన నొక పులుసు కల వంటకమొకటి యున్నదనుకొనుడు. ఒక్కడే మొదటినుండి తుదివరకు చేసిన పావుగంట పట్టును. గ్రుడ్లు ఒకడు, కాల్పు ఒకడు, పులుసు ఒకడు ఏకకాలమున చేసిన కొలది నిమిషములలో పళ్లెము సిద్ధము. (మాంసము ముట్టని చదువరులు వంటకమును విడిచి పనితీరును మాత్రము గ్రహింతురు గాక.) ఇట్లు వంటశాలను శాఖలుగా విభజించి, ఒక్కొక్క శాఖకు నొక పెద్దను, అతని క్రింద పని నేర్చువారిని నియమించెను. సైన్యములో చూచిన క్రమమే దీనికి మూలమందురు. నేర్చుకొను బాలుడు ఒక శాఖనుండి మరియొక శాఖకు మారుచు పనియంతయు వశపరచుకొనుటకు వీలు కలిగెను. నేటికిని హోటలు శిక్షణశాలలలో, మన దేశమున సైతము, ఈ విభాగక్రమమును నేర్పుచున్నారు.

పనితో పాటు నడవడిని గూడ దిద్దెను. మద్యము మాన్పించి, వైద్యుని సలహాపై బార్లీ పానీయమును వంటశాలలో నుంచెను. వడ్డనవారి కోరికలను అరచి చెప్పు ఉద్యోగి బిరుదునే మార్చి, మెల్లగా చదివి వినిపించవలెనని శాసించెను. వీధిలో శుభ్రమైన దుస్తులు ధరింపుడనియు, లోపించిన చదువును సంపాదించుకొనుడనియు పనివారిని ప్రోత్సహించుచుండెను.

ఇక దాచరాని సంగతి యొకటి కలదు. 1898లో సవోయ్ యాజమాన్యము రిట్జ్‌ను ఎస్కాఫియేను గూడ పనినుండి తొలగించెను. హోటలు లెక్కలు తేలలేదు. సరకులు సరఫరా చేయు వర్తకులనుండి కమీషను పుచ్చుకొన్నట్లు ఎస్కాఫియే 1900లో సంతకము చేసి యొప్పుకొనెను. తేలిన బాకీ 8,000 పౌనులు. అతడు చెల్లింపగలిగినది 500. ఆ పత్రము అతడు గతించిన పెక్కేండ్లకు గాని లోకమునకు తెలియలేదు. ఆ కాలమున వంటశాల పెద్దలకు వర్తకులు కానుక లిచ్చుట వాడుకయే యని కొందరు సమర్థింతురు. వాడుక యైనంత మాత్రమున లెక్కలో చేరదు గదా! ఇంత పెద్ద మొత్తము చేతులు మారిన మనిషి వద్ద తిరిగి యిచ్చుటకు ధనము లేకపోవుట మాత్రము ఆలోచింపదగినది.

తొలగింపుతో వారి పని ఆగలేదు. ఆ 1898లోనే పారిస్‌లో రిట్జ్ హోటలు, మరుసటి యేట లండన్‌లో కార్ల్టన్ హోటలు తెరువబడెను. 1903లో ఎస్కాఫియే సహచరుల తోడ్పాటుతో లె గీడ్ క్యులినేర్ అను మహాగ్రంథమును ప్రకటించెను. అందు 5,000కు మించిన వంటకములు కలవు. అంతకుముందు చేతినుండి చేతికి, అదియు గురువునకు దయ కలిగినప్పుడు మాత్రమే, అందుచుండిన విద్య ఇప్పుడు చదువ నేర్చిన ప్రతి వంటబాలునికి నందెను. 1910లో బీదరిక నిర్మూలనమునకై పరస్పర సహాయ పథకము నొకదానిని చిన్న పుస్తకముగా వెలువరించెను. సవోయ్‌లో మిగిలిన ఆహారము వృద్ధులైన పేదలను పోషించు సన్యాసినుల ఆశ్రమమునకు పోవునట్లు ఏర్పాటు చేసినవాడును ఇతడే.

1914 యుద్ధములో అతని కుమారుడు డానియేలు మరణించెను. ఆ దుఃఖములోను, సైన్యమునకు పోయిన తన వంటవారి కుటుంబములను ఆదుకొనుట మానలేదు. 1928లో ఫ్రాన్సు ప్రభుత్వము లెజియన్ ఆఫ్ ఆనర్‌లో ఆఫీసరు పదవి నిచ్చి గౌరవించెను. 1935 ఫిబ్రవరి 12వ తేదీన, భార్య గతించిన కొలది దినములకే, మాంటే కార్లోలో 88వ యేట కన్నుమూసెను. విల్నవ్-లూబేలో అతడు పుట్టిన ఇల్లు 1966లో పాకకళా ప్రదర్శనశాల యయ్యెను.